బండి నడపడం కూడా ఒక చదువే

 

మన గోడ పత్రికలో పోయిన నెల దోమల గురించి, అంతకు ముందు నెల గ్రహణాల గురించి వ్యాసాలు వచ్చాయి. ఈ నెల రాసే వంతు నాది. ఏం రాయాలని సైన్సు సారును అడిగితే, "నీకు తెలిసిన దాని గురించి రాయి. పుస్తకం చూసి ఎక్కించకు" అన్నారు. నాకు బాగా తెలిసింది ట్రాక్టర్. అందుకని డ్రైవర్ చదువు గురించి రాస్తున్నాను. చదివినాక కొందరికి నా మీద కోపం రావచ్చు. ఎందుకో కింద తెలుస్తుంది.

1. ముందు నా సంగతి

మాది దేవరకొండ దిక్కు ఒక తండా. మా అన్న ఊరి ఆసామి దగ్గర ట్రాక్టర్ డ్రైవరు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పటి నుంచే సెలవులకు ఇంటికి పోతే అన్న పక్కన మడ్‌గార్డ్ మీద కూర్చునేవాణ్ణి. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి అన్న ఖాళీ చేన్లో స్టీరింగ్ ఇచ్చిండు. గేర్లు వేయడం వచ్చింది, దున్నడం వచ్చింది, ట్రాలీ తగిలించుకొని వెనక్కి తోలడం కూడా వచ్చింది. తండాలో నా ఈడు పిల్లలందరిలో నాకే వచ్చు. అందరూ నన్ను "చిన్న డ్రైవర్" అని పిలిచేవాళ్లు. ఆ మాట వింటే నాకు క్లాసులో ఫస్టు వచ్చినంత సంతోషంగా ఉండేది.

పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒకనాడు అన్నకు జ్వరం వచ్చింది. బత్తాయి తోటకు కోతకు పోయే కూలీలు పొద్దున్నే వచ్చి నిలబడ్డారు. తోట మాకు ఐదారు కిలోమీటర్లు. ఆ దారికి బస్సు లేదు. ఆసామి నన్ను చూసి, "నీకు నడుపుడు వస్తది గదరా, తీస్కపో" అన్నడు. నేను ఎగిరి సీట్ల కూర్చున్న. ట్రాలీలో పదకొండు మంది ఆడోళ్లు ఎక్కిండ్రు. అందులో మా యాడి కూడా ఉంది. నాకు అప్పుడు పద్నాలుగేళ్లు.

పోయేటప్పుడు ఏమీ కాలేదు. సాయంత్రం తిరిగి వస్తుంటే దారి కాల్వ కట్ట మీదుగా ఉంది. ఒక బర్రె దూడ తుమ్మచెట్ల నుంచి ఒక్కసారే అడ్డం వచ్చింది. నేను బ్రేకు తొక్కిన. బండి ఆగాలె గదా? ఆగలేదు, కాల్వ దిక్కు తిరిగింది. వెనుక నుంచి ట్రాలీ నెట్టింది. ఆడోళ్లందరూ ఒక్కసారే అరిచిండ్రు. క్లచ్ తొక్కి, స్టీరింగ్ ఇటు గుంజి, ఎట్లనో ఆపిన. దిగి చూస్తే ముందు చక్రం కట్ట అంచుకు ఒక మూరెడు దూరంల ఉంది. కింద నిండుగా నీళ్లు పారుతున్నాయి.

ఎవ్వరూ నన్ను తిట్టలేదు. అందరూ దిగి ఇంటిదాకా నడిచే వచ్చిండ్రు. నేను ఖాళీ ట్రాలీతో వెనక వెనక వచ్చిన. రాత్రి బువ్వ పెడుతూ యాడి ఒక్క మాటే అన్నది: "నీకు నడుపుడు వచ్చింది గాని ఆపుడు రాలేదు బేటా."

ఈ సంగతి ఇప్పటివరకు హాస్టల్లో ఎవ్వరికీ చెప్పలేదు. "చిన్న డ్రైవర్" అన్న పేరు పోతుందని భయం. కానీ మనలో ఎంతమంది సెలవుల్లో ట్రాక్టర్, ఆటో, మోటార్ సైకిల్ నడుపుతున్నారో నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

2. బండి ఎందుకు తిరిగింది?

తర్వాత దేవరకొండలో ట్రాక్టర్ మెకానిక్కును అడిగితే ఆయన కారణం చెప్పిండు. అది మీరందరూ గుర్తు పెట్టుకోవాలి.

ట్రాక్టర్‌కు బ్రేకు పెడళ్లు రెండు ఉంటాయి. ఒకటి ఎడమ వెనుక చక్రానికి, ఇంకొకటి కుడి వెనుక చక్రానికి. ఎందుకంటే చేన్లో సాలు చివరకు వచ్చినప్పుడు ఒక చక్రాన్ని ఆపి, ఇంకో చక్రాన్ని తిప్పితే బండి తక్కువ జాగాలో మళ్లుతుంది. చేన్లో అది మంచి సౌకర్యం. రోడ్డు మీద మాత్రం ప్రాణాంతకం. అందుకే ఆ రెండు పెడళ్లను కలిపే ఒక చిన్న ఇనుప పట్టీ కంపెనీ వాళ్లే ఇస్తారు. రోడ్డెక్కేటప్పుడు ఆ పట్టీ వేసుకుంటే రెండు పెడళ్లు ఒక్కటిగా దిగుతాయి, రెండు చక్రాలూ సమానంగా ఆగుతాయి.

ఆరోజు మా ట్రాక్టర్‌కు ఆ పట్టీ వేసి లేదు. తొందరలో నా కాలు ఒక పెడల్ మీదనే పడ్డది. ఆ దిక్కు చక్రం ఆగింది, ఇంకో చక్రం ఉరికింది. బండి తిరిగింది. పైగా చాలా ట్రాలీలకు సొంత బ్రేకు ఉండదు. పదకొండు మంది, బత్తాయి సంచులు, ట్రాలీ ఇనుము, ఆ బరువంతా వెనుక నుంచి ట్రాక్టర్‌ను నెడుతుంది. ముందు బండి ఆగుతుంటే వెనుకది ఆగదు. మలుపులో అయితే చాకు మడిచినట్టు రెండూ మడుచుకుంటాయి.

నేను రెండేళ్లుగా ఆ పట్టీని రోజూ చూస్తున్నాను. అది దేనికో నాకు తెలియదు. మా అన్నకు కూడా తెలియదు. అన్నకు నేర్పినాయనకు తెలియదేమో. ఒకరిని చూసి ఒకరం నేర్చుకుంటే, ఒకరికి తెలియనిది అందరికీ తెలియకుండానే పోతుంది. డ్రైవర్ చదువు ఎందుకు కావాలంటే ఇదే నా మొదటి జవాబు.

3. మన జిల్లాల్లో జరిగినవి

నా అదృష్టం బాగుంది. అందరికీ అట్ల ఉండదు.

2018 ఏప్రిల్ 6న మన నల్లగొండ జిల్లా పి.ఎ.పల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీలను తీసుకపోతున్న ట్రాక్టర్ ట్రాలీతో సహా ఎ.ఎం.ఆర్. ప్రాజెక్టు కాల్వలో పడింది. 9 మంది ఆడవాళ్లు చనిపోయారు. వాళ్లు తండా వాళ్లు, మన వాళ్లు. పొద్దున సద్ది కట్టుకొని కూలికి బయలుదేరినవాళ్లు. అదే సంవత్సరం జూన్ 24న వలిగొండ మండలం వేములకొండ దగ్గర ఇంకొక ట్రాక్టర్ మూసీ కాల్వలో పడి 15 మంది చనిపోయారు. అది ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లా. 2016 వరకు మన నల్లగొండ జిల్లాలోనే ఉండేది. మూడు నెలలు కాకముందే రెండు కాల్వలు, రెండు ట్రాక్టర్లు, 24 మంది.

మహబూబ్‌నగర్ దిక్కు మిత్రులకు పాలెం గుర్తుండే ఉంటుంది. బిజినేపల్లి దగ్గరి పాలెం కాదు, కొత్తకోట దగ్గరిది. 2013 అక్టోబర్ 30న తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ప్రైవేటు వోల్వో బస్సు అక్కడ జాతీయ రహదారి మీద కల్వర్టును ఢీకొన్నది. డీజిల్ ట్యాంకు పగిలి నిప్పంటుకుంది. నిద్రలో ఉన్న 45 మంది కాలిపోయి చనిపోయారు. అది అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు వనపర్తి జిల్లా.

ఈ మూడు ప్రమాదాల్లో ఎవరిది ఎంత తప్పు అని తీర్పు చెప్పడానికి నేను ఎవరిని? రోడ్డు, బండి, డ్రైవరు, యజమాని అన్నీ కలిసే ప్రమాదం అవుతుంది. కానీ మూడింటిలోనూ ఒక సంగతి ఉంది. వెనుక కూర్చున్నవాళ్లకు చేయడానికి ఏమీ లేదు. వాళ్లు తమ ప్రాణాలను ముందు కూర్చున్న ఒక్క మనిషి చేతిలో పెట్టారు. ఆ ఒక్క మనిషికి ఏం తెలుసు, ఏం తెలియదు అన్నది అందరి విషయం.

దేశం మొత్తం లెక్క కూడా చూడండి. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. 365తో భాగించండి. రోజుకు దాదాపు 460 మంది. మన హాస్టల్లో సాయంత్రం హాజరు పిలిచే పేర్లన్నీ అయిపోయినా ఆ లెక్క అయిపోదు. ఆ చావుల్లో వంద లోపు 71 అతివేగం వల్లనే అని అదే లెక్క చెబుతోంది.

4. లెక్కల పాఠం: బండి ఎంత దూరంలో ఆగుతుంది?

చలనం పాఠంలో వేగాన్ని మీటర్లలోకి మార్చడం నేర్చుకున్నాం. గంటకు 60 కిలోమీటర్లు అంటే 60,000 మీటర్లను 3,600 సెకండ్లతో భాగించాలి. సెకండుకు దాదాపు 17 మీటర్లు వస్తుంది.

ఇప్పుడు ఆలోచించండి. దూడను కండ్లు చూడాలి, మెదడు గుర్తుపట్టాలి, కాలు లేచి బ్రేకు మీదికి పోవాలి. దీనికే దాదాపు ఒక సెకండు పడుతుంది. ఆ సెకండులో బండి ఏమాత్రం తగ్గకుండా 17 మీటర్లు పోతుంది. ఆ తర్వాతనే బ్రేకు పని మొదలవుతుంది. మంచి బ్రేకులు, పొడి తారు రోడ్డు అయితే వేగం ప్రతి సెకండుకు సెకండుకు 6 మీటర్ల చొప్పున తగ్గుతుంది అనుకొని నేను సైన్సు సారు దగ్గర లెక్క చేశాను:

గంటకు 30 కి.మీ. అయితే: ఆలోచనకు 8 మీటర్లు, బ్రేకుకు 6 మీటర్లు, మొత్తం 14 మీటర్లు.
గంటకు 60 కి.మీ. అయితే: ఆలోచనకు 17 మీటర్లు, బ్రేకుకు 23 మీటర్లు, మొత్తం 40 మీటర్లు.
గంటకు 80 కి.మీ. అయితే: ఆలోచనకు 22 మీటర్లు, బ్రేకుకు 41 మీటర్లు, మొత్తం 63 మీటర్లు.

చూశారా? వేగం రెట్టింపు అయితే బ్రేకు దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. ఎందుకంటే గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఇది మనం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సూత్రమే. దానికీ రోడ్డుకూ సంబంధం ఉందని ఎవరం అనుకోలేదు. వాన పడి రోడ్డు తడిస్తే పట్టు సగానికి తగ్గుతుందనుకోండి, 60 కి.మీ. వేగంలో బ్రేకు దూరమే 46 మీటర్లు అవుతుంది. టైర్లు అరిగి ఉంటే ఇంకా ఎక్కువ.

మరి నా సంగతి? ట్రాక్టర్ గంటకు 20 కి.మీ. మీద ఉందనుకుంటే సెకండుకు ఐదున్నర మీటర్లు. నేను "నిదానంగానే పోతున్న" అనుకున్నాను. కానీ ట్రాలీకి బ్రేకు లేదు, దారి మట్టిది. పట్టు మూడోవంతే ఉందనుకొని లెక్క చేస్తే మొత్తం 13 మీటర్లు కావాలి. దూడ నాకు అంతకన్నా దగ్గరగా వచ్చింది. అంటే నేను ఎంత గట్టిగా తొక్కినా ఆగేది కాదు. ముందే తగ్గించుకొని రావాల్సింది. చెట్లు దారికి దగ్గరగా ఉన్నచోట, మలుపు కనపడనిచోట ఏదో ఒకటి వస్తుందని ముందే అనుకోవాలి. దీన్ని ఎవరూ చేన్లో నేర్పరు, ఎందుకంటే చేన్లో ఎదురు వచ్చేవాళ్లు ఉండరు.

హెల్మెట్ గురించి కూడా ఒక్క లెక్క. గంటకు 50 కి.మీ. వేగంతో పోయి గుద్దుకుంటే దాదాపు 10 మీటర్ల ఎత్తు నుంచి కింద పడ్డట్టు. అంటే మూడు అంతస్తుల మీది నుంచి. మన హాస్టల్ డాబా మీది నుంచి దూకమంటే దూకుతామా? మరి హెల్మెట్ లేకుండా ముగ్గురం ఒక బండి మీద ఎట్ల పోతున్నాం?

5. చట్టం ఏమంటుంది?

మన దేశంలో మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది, 1989 జూలై 1 నుంచి అమలైంది. దాని ప్రకారం లైసెన్సు లేకుండా ఎవరూ బహిరంగ స్థలంలో మోటారు బండి నడపకూడదు. 18 ఏళ్లు నిండాలి. కూలికి, కిరాయికి తిరిగే రవాణా వాహనం అయితే 20 ఏళ్లు. 50 సీసీ లోపు ఇంజను ఉన్న మోటార్ సైకిల్‌కు మాత్రం 16 ఏళ్లు చాలు. "ట్రాక్టర్‌కు లైసెన్సు ఎందుకు?" అని మన దిక్కు చాలామంది అంటారు. ట్రాక్టర్ కూడా మోటారు బండే. రోడ్డెక్కితే లైసెన్సు కావాలి. దాని ట్రాలీ సరుకు కోసం చేసింది, మనుషుల కోసం కాదు.

2019లో చట్టాన్ని సవరించారు. మైనరు బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, ఆ బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. మనలో చాలామంది పదో తరగతి, ఇంటర్ అయినాక డ్రైవర్ ఉద్యోగం అయినా చేసుకుందామని అనుకుంటాం. 14 ఏళ్లకు తొందరపడితే 25 దాకా ఆ దారి మూసుకుపోతుంది. ఆలోచించండి.

లైసెన్సు ఎట్ల వస్తుంది? ముందు లెర్నర్ లైసెన్సు. దానికి గుర్తుల మీద, నియమాల మీద చిన్న పరీక్ష ఉంటుంది. అది ఆరు నెలలు చెల్లుతుంది. ఆ రోజుల్లో బండికి తెల్ల పలక మీద ఎర్రటి "ఎల్" అక్షరం పెట్టాలి, పక్కన లైసెన్సు ఉన్నాయన కూర్చొని నేర్పాలి. కనీసం 30 రోజులు అయినాక నడిపి చూపించి పక్కా లైసెన్సు తీసుకోవాలి.

1989 నియమాల్లో డ్రైవింగ్ స్కూలుకు పాఠ్య ప్రణాళిక కూడా ఉంది. చిన్న బండ్లకు కనీసం 21 రోజులు, అందులో 10 గంటలు నడపాలి. లారీ, బస్సు లాంటి పెద్ద బండ్లకు 30 రోజులు, 15 గంటలు. ఏమేం నేర్పాలో చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. నడపడం ఒక్కటే కాదు, బండి యంత్రం, మరమ్మతు, ప్రయాణికులతో మర్యాద, అగ్ని ప్రమాదాలు, ప్రథమ చికిత్స అన్నీ ఉన్నాయి. పాలెం గురించి చదివినాక అగ్ని ప్రమాదాల పాఠం ఎందుకు పెట్టారో అర్థమైంది. 2021 నుంచి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు కొత్త నియమాలు వచ్చాయి. చిన్న బండ్ల కోర్సు 29 గంటలు, నాలుగు వారాల లోపల పూర్తి చేయాలి. అందులో 8 గంటలు కూర్చొని చదివే పాఠమే. అంటే డ్రైవరుకు కూడా బల్ల, పలక ఉన్నాయి. ఆర్టీసీ వాళ్లకైతే హకీంపేటలో సొంత శిక్షణ కళాశాలే ఉంది.

6. గుర్తుల భాష

రోడ్డు మీద గుర్తులు చదువు రానివాళ్లు కూడా చదివే భాష. ఆకారం చూసి అర్థం చెప్పవచ్చు.

గుండ్రంగా, ఎర్ర అంచుతో ఉంటే అది ఆజ్ఞ. తప్పక పాటించాలి. వేగ పరిమితి, ఓవర్‌టేక్ చేయవద్దు అనేవి ఇట్ల ఉంటాయి.
ఎర్ర అంచుతో ముక్కోణంగా, మొన పైకి ఉంటే హెచ్చరిక. ముందు మలుపు ఉంది, ఇరుకు వంతెన ఉంది, బడి ఉంది అని.
నీలి రంగు చతురస్రం అయితే సమాచారం. దవాఖాన, పెట్రోలు బంకు లాంటివి.
ఎనిమిది కోణాల ఎర్ర పలక ఒక్కటే. అది "ఆగు". ముక్కోణం మొన కిందికి ఉంటే "ఎదుటివారికి దారి ఇవ్వు".

అమ్రాబాద్, మన్ననూరు దిక్కు నుంచి వచ్చిన మిత్రులకు శ్రీశైలం ఘాట్ రోడ్డు తెలుసు. ఘాట్‌లో దారి ఇరుకుగా ఉంటే కిందికి దిగే బండి ఆగి, పైకి ఎక్కే బండికి దారి ఇవ్వాలి. ఎక్కే బండి ఒకసారి ఆగితే మళ్లీ కదలడం కష్టం, వెనక్కి జారుతుంది. దిగేటప్పుడు డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ వేయవద్దు. గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఆపుతుంది. న్యూట్రల్ వేస్తే బరువంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కి పట్టు వదులుతాయి. మన్ననూరు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను ఆపే నియమం అడవి జంతువుల కోసం. అడవిలో దారి మనది ఒక్కరిదే కాదు అని చెంచు పెద్దలకు ఎవరూ నేర్పనక్కరలేదు.

7. "మా తాత ఏ బడికి పోయిండు?"

ఈ వ్యాసం రాస్తున్నానని చెప్తే మా రూములో ఒక దోస్తు అడిగిండు: "మా బాబాయి ముప్పై ఏండ్ల నుంచి లారీ నడుపుతుండు. ఏ స్కూలుకూ పోలేదు. ఒక్క యాక్సిడెంట్ కాలేదు. మరి చదువు ఎందుకు?" మంచి ప్రశ్న. నిజాయితీగా జవాబు చెప్పాలి.

అలవాటు వల్ల చేతులకు పని వస్తుంది, అది నిజం. కానీ ముప్పై ఏండ్లు క్షేమంగా నడిపినవాళ్లే మనకు కనిపిస్తారు, మధ్యలో పోయినవాళ్లు చెప్పడానికి రారు. ఇంకొక సంగతి. కేవలం నైపుణ్యం నేర్పినా లాభం లేదు. నార్వే దేశంలో 1979లో కొత్త డ్రైవర్లకు జారే రోడ్డు మీద బండి అదుపు చేసే శిక్షణ తప్పనిసరి చేశారు. తర్వాత చూస్తే కుర్రవాళ్లలో జారుడు ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయని పరిశోధకులు గమనించారు. "నాకు వచ్చు" అన్న ధైర్యం పెరిగింది, జాగ్రత్త తగ్గింది. ఇది చదివినప్పుడు నాకు నేనే కనిపించాను. "చిన్న డ్రైవర్" అన్న పేరే నన్ను ఆ సీటులో కూర్చోబెట్టింది. కాబట్టి మంచి డ్రైవర్ చదువు అంటే గేర్లు నేర్పేది మాత్రమే కాదు, ఎక్కడ భయపడాలో నేర్పేది.

న్యూజిలాండ్‌లో 1987 నుంచి లైసెన్సు మెట్లు మెట్లుగా ఇస్తున్నారు. మొదటి మెట్టులో పక్కన పెద్ద డ్రైవరు ఉండాలి. రెండో మెట్టులో ఒక్కడే నడపవచ్చు గాని రాత్రి పొద్దుపోయాక వద్దు, అందరినీ ఎక్కించుకోవద్దు. తర్వాతనే పూర్తి లైసెన్సు. అంటే కొత్త డ్రైవరు చేతిలో ఇతరుల ప్రాణాలు వెంటనే పెట్టరు. మన దిక్కు మొదటిరోజే పదకొండు మందిని ఎక్కిస్తాం.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. అంతా డ్రైవరు చదువుతోనే కాదు. కాల్వ కట్టకు గోడ లేకపోతే, తండాకు బస్సు రాకపోతే, కూలికి పోవడానికి ట్రాలీ తప్ప ఇంకోటి లేకపోతే డ్రైవరు ఒక్కడే ఏం చేస్తాడు? డ్రైవరును రాత్రంతా నిద్ర లేకుండా తోలమంటే చదువు ఏం చేస్తుంది? 1961 నాటి చట్టంలోనే మోటారు రవాణా కార్మికులకు రోజుకు 8 గంటల పని అని రాశారు. అది పాటించాల్సింది యజమాని. కానీ గోడ కట్టేదాకా, బస్సు వచ్చేదాకా మన వాళ్లు కూలికి పోకుండా ఉండరు గదా. అంతవరకైనా మన చేతిలో ఉన్నది మనం చేయాలి.

8. మనం చేయగలిగినవి

ఒకటి: 18 ఏళ్లు నిండి, లైసెన్సు వచ్చేదాకా రోడ్డు మీద బండి ముట్టవద్దు. "ఊర్లనే గదా" అనవద్దు. వద్దిపట్ల కూడా ఊరే.

రెండు: సెలవులకు పోయినప్పుడు మీ అన్న, బాపు, మామ ఎవరు ట్రాక్టర్ నడిపినా బ్రేకు పట్టీ సంగతి చెప్పండి. రోడ్డెక్కేముందు వేసుకోమనండి. దానికి పైసా ఖర్చు లేదు.

మూడు: కాల్వ కట్ట వచ్చినప్పుడు కూలీలు దిగి నడవాలి, ఖాళీ బండి పోవాలి. పది నిమిషాలు ఆలస్యం అవుతుంది, అంతే. మా తండాలో ఇప్పుడు ఆడోళ్లు అట్లనే చేస్తున్నారు.

నాలుగు: డ్రైవరు తాగి ఉంటే ఎక్కవద్దు. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. కానీ మనకు లెక్క ఎందుకు? వాసన వస్తే దిగిపోవాలె. ఫోను మాట్లాడుతూ నడిపితే "బండి ఆపి మాట్లాడు అన్నా" అని చెప్పాలి. చిన్నపిల్లలు చెప్తే పెద్దలు సిగ్గుపడి వింటారు.

ఐదు: ప్రమాదం చూస్తే 108కు ఫోను చేయాలి. దెబ్బ తగిలినవాళ్లకు సాయం చేసినవాళ్లను వేధించకూడదని 2019 సవరణలో రాశారు. భయపడవద్దు.

వార్డెన్ సారుకు ఒక విన్నపం. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ గారిని ఒక ఆదివారం మన హాస్టల్‌కు పిలిపించి గుర్తుల పాఠం చెప్పిస్తే బాగుంటుంది. పదో తరగతి అయినాక మనలో చాలామంది స్టీరింగ్ పట్టుకుంటారు. అప్పుడు చెప్పడం కన్నా ఇప్పుడు చెప్పడం మేలు. ఈ వ్యాసం చదివి నన్ను ఆఫీసు రూముకు పిలుస్తారని కూడా నాకు తెలుసు. పిలవండి సార్, నేను చెప్తాను.

9. ఆఖరి మాట

ఈ ఎండాకాలం మళ్లీ బత్తాయి కోత వస్తుంది. ఆసామి అప్పుడే అన్నతో కబురు చెప్పి పంపిండు, సెలవులంతా నడిపితే రోజుకు ఇంత అని ఇస్తడట. మా ఇంటికి ఆ పైసలు అవసరమే. చెల్లె ఫీజు ఉంది, ఇంటి మీద రేకులు మార్చాలె. అయినా నేను నడపనని అన్నకు ఉత్తరం రాసిన. కోతకు మాత్రం పోత, కూలికి. నా ఉత్తరం చూసి అన్నకు కోపం వచ్చింది. కానీ యాడి అన్నతో చెప్పి నాకు ఒక మాట రాయించింది: "బండిల నా పక్కన కూసో, సాలు."

మీకు నాలుగు ప్రశ్నలు. జవాబులు కాగితం మీద రాసి పత్రిక డబ్బాలో వేయండి. అన్నీ సరిగా రాసినవాళ్ల పేర్లు వచ్చే నెల ఇక్కడ రాస్తాము.

1) ట్రాక్టర్‌కు రెండు బ్రేకు పెడళ్లు ఎందుకు? రోడ్డు మీద ఏం చేయాలి?
2) గంటకు 40 కి.మీ. వేగంతో పోయే బండి ఒక సెకండులో ఎన్ని మీటర్లు పోతుంది?
3) ఘాట్ రోడ్డు ఇరుకు అయినచోట ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి, ఎందుకు?
4) మీ తండా నుంచి, మీ పెంట నుంచి మీ ఇంటివాళ్లు కూలికి ఏ బండి మీద పోతారు? దాన్ని నడిపేది ఎవరు? ఆయనకు ఎవరు నేర్పారు?

నాలుగో ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు. ఇంటికి పోయి అడిగి రాయండి.